అవ్వ ఎట్లా నడుస్తుంది?

బి.ఎడ్. ముగించి ఇంట్లో కూర్చున్న ఆ రోజుల్లో ఓటమి అంటే ఏమిటో నాకు తెలియదు. గొప్పదాన్నని కాదు, అప్పటిదాకా నాతో పోటీకి ఎవరూ దిగలేదు, అంతే. తిరుత్తణిలో మా మామ ఇంట్లో ఉంటూ, ఆయన తెప్పించే దినపత్రికలో అచ్చుతప్పులు వెదికి ఎర్ర పెన్నుతో దిద్దేదాన్ని. పత్రికవాళ్ళకు ఆ సంగతి తెలియకపోయినా నా లెక్కలో నేను గెలిచినట్టే. ఇది చూడలేక మామ కనకమ్మ సత్రం అనే ఊళ్ళో తనకు తెలిసినవాళ్ళ ప్రైవేటు బడిలో నాకు తెలుగు టీచరు ఉద్యోగం ఇప్పించాడు. బస్సెక్కించే ముందు, "పాపా, ఆడ నోరు మూసుకోని ఉండు. ఏం చెప్పినా సరి సరి అను. ఒక ఏడాది ఉంటే అనుభవం వస్తాది" అన్నాడు. "సరి సరి" అన్నాను. (ఆ ఏడాది మొత్తానికీ ఆ మాట నా నోట వచ్చింది అప్పుడొక్కసారే.)

బడిలో సగం ఇంగ్లీషు, సగం తమిళం, సందు దొరికినచోట తెలుగు. నా మూడో తరగతికి వచ్చేది చుట్టుపక్కల పల్లెల్లోని తెలుగు రైతుల పిల్లలు, సత్రం బజారులో అంగళ్ళు పెట్టుకున్నవాళ్ళ పిల్లలు. ఇంట్లో గడగడా తెలుగు మాట్లాడేవాళ్ళే, పుస్తకం తెరిస్తే మాత్రం అక్షరం అక్షరానికీ ఆగి ఊపిరి పీల్చుకునేవాళ్ళు. అటువంటివాళ్ళకు నేను నేర్పవలసిన పాఠం పేరు క్రియా విశేషణం. ఆ పేరు బోర్డు మీద రాయగానే ముందు బెంచీ మీది ఒక పిల్ల, "మిస్, ఇది వీధి నాటకంలో రాక్షసుడి పేరా?" అని అడిగింది. ఆ పిల్ల ఒకచోట నిలిచేది కాదు గనుక ఉడత అని పిలిచేవాళ్ళం. రాక్షసుడు కాదు, పని ఎట్లా జరిగిందో చెప్పే మాట అని ఎంత వివరించినా లాభం లేకపోయింది. చివరికి పుస్తకం మూసేసి, "ఉడతా, నువ్వు నీళ్ళు గటగటా తాగు. నువ్వు చప్పరిస్తూ మెల్లగా తాగు. నువ్వు తలుపు దబదబా బాదు, నువ్వు వలవలా ఏడువు" అని తలా ఒక పని పంచాను. అంతే, క్లాసుకు ప్రాణం వచ్చింది. ఏ మాట ఏ పనికి అతుకుతుందో పిల్లలే తేల్చేసేవాళ్ళు. "వాన పకపకా కురిసింది" అని నేను కావాలని తప్పు రాస్తే, "వానకు పండ్లుండాయా మిస్, పకపకా అనేదానికి?" అని అరిచేవాళ్ళు. పక్క గదిలోని లెక్కల సారు ఒకరోజు తలుపు దగ్గర నిలబడి, "మిస్, మీ పిల్లలు కొంచెం నెమ్మదిగా ఏడిస్తే మా పిల్లలకు కూడికలు వినబడతాయి" అన్నాడు. "నెమ్మదిగా, క్రియా విశేషణం" అని క్లాసంతా ఒక్క గొంతుతో బదులిచ్చింది. ఆయన మళ్ళీ రాలేదు.

ఇంతలో పరీక్షలు వచ్చాయి. ప్రశ్నపత్రాలు ఎక్కడో అచ్చయి వచ్చేవి, వాటితోబాటే జవాబుల కాగితం కూడా. దాన్ని అందరూ 'కీ' అనేవాళ్ళు. అందులో ఒక ప్రశ్న: 'అవ్వ ______ నడుస్తుంది. (మెల్లగా, గబగబా)'. కీలో జవాబు మెల్లగా. నా క్లాసులో ఒక్క పిల్లవాడు తప్ప అందరూ రాసిన జవాబు గబగబా. నేను కాసేపు ఆలోచించి, రెండూ సరైనవే అని అందరికీ మార్కు వేశాను. ఆలోచించినది అంతే, ఆ తరువాత ఏం జరిగినా ఆలోచించలేదు.

హెడ్ మేడం పిలిపించారు. ఆమె మంచి మనిషే, కీ ముందు మాత్రం చేతులు కట్టుకొని నిలబడే రకం. "అవ్వ అంటే మెల్లగానే కదమ్మా నడుస్తుంది" అన్నారు. "కీ రాసినాయన ఈ పిల్లల అవ్వల్ని చూడలేదు మేడం" అన్నాను. "చూడాల్సిన పని ఏముంది? లోకానికంతా తెలిసిందే." "మేడం, నడకకు ఏ మాట అతుకుతుందో పిల్లలకు తెలిసింది. నేర్పించేది అంతవరకే. అవ్వ ఎట్లా నడవాలన్నది అవ్వ ఇష్టం" అన్నాను. ఈ మాట నాకే ఎంతగానో నచ్చి, బస్సులో తిరుత్తణి దాకా పెదవులు కదిపి మళ్ళీ మళ్ళీ చెప్పుకున్నాను. పక్కన కూర్చున్నామె మురుగన్ మంత్రం చదువుతున్నాననుకొని కాళ్ళు ముడుచుకొని చోటిచ్చింది.

సంగతి అక్కడితో ఆగేదేమో గాని, మెల్లగా అని రాసిన ఆ ఒక్క పిల్లవాడి తండ్రికి బజారులో పెద్ద కిరాణా అంగడి ఉంది. పిల్లవాడి జేబులో ఎప్పుడూ బెల్లం ముక్క ఉండేది గనుక వాడి పేరు బెల్లం. అందరికీ ఆ మార్కు వేయడంవల్ల బెల్లం, ఉడత ఇద్దరూ ఫస్టు ర్యాంకు అయ్యారు. "మా వాడొక్కడే కరెక్టుగా రాసినాడు. తప్పు రాసిన పిల్లను తెచ్చి వాడి పక్కన నిలబెడతారా?" అని అంగడాయన బడి యజమాని దగ్గరకు వెళ్ళాడు. ఆ యజమానిని మేమంతా కరస్పాండెంట్ సార్ అనేవాళ్ళం. గొడవలంటే పడదు, అందుకని గొడవ వచ్చినప్పుడల్లా మీటింగు పెట్టేవాడు. శనివారం పెద్దవాళ్ళందరూ రావాలని ఫోన్లకు మెసేజీలు వెళ్ళాయి. అమ్మానాన్నలు పొలాలకో, అంగళ్ళకో, ఫ్యాక్టరీల్లో షిఫ్టులకో పోయేవాళ్ళు, వాళ్ళు ఎక్కడ వస్తారు? వచ్చింది అవ్వలు. హాలు నిండా అవ్వలు. కరస్పాండెంట్ సార్ తలుపు దగ్గరే ఒక్క క్షణం ఆగిపోయాడు.

ఆయన గొంతు సవరించుకొని ప్రశ్న చదివి, "కీలో జవాబు, అవ్వ మెల్లగా నడుస్తుంది" అన్నాడు. తిరువళ్ళూరులో పూలు అమ్ముకొని ఖాళీ గంపతో నేరుగా బడికి వచ్చిన ఉడత వాళ్ళ అవ్వ లేచి నిలబడింది. "ఎవరయ్యా అట్ల రాసింది? యాడ చూసినాడు నన్ను?" అంది.

"మిమ్మల్ని కాదమ్మా. పొదువా ఒక అవ్వ" అన్నాడాయన. (పొదువా అంటే తమిళంలో, అందరినీ కలిపి చెప్పేటట్టు అని.)

"ఎవురామె? ఏ ఊరు?"

"ఏ ఊరూ కాదమ్మా, పరీక్ష కోసం."

"పరీక్ష కోసం ఊరూ పేరూ లేని అవ్వను తెచ్చి, మా పాప మార్కు తీస్తారా? తెల్లారి మొదటి బస్సు నాకోసం నిలబడతాదా? నేను మెల్లగా నడిస్తే పూలు వాడిపోతాయి. వాడిపోయిన పూలు నీ కీ కొంటాదా?"

హాలులో గుసగుసలు మొదలయ్యాయి. ఆవులకు మేత వేసి వచ్చానని ఒకరు, రేషన్ క్యూలో అందరికంటే ముందు నిలబడేది నేనేనని ఒకరు. నేను గోడ పక్కన నిలబడి, నా సైన్యాన్ని చూసి ఉప్పొంగుతున్నాను. అప్పుడు బెల్లం వాళ్ళ అవ్వ కుర్చీలోంచి లేవకుండానే మాట్లాడింది. "నేను మెల్లగానే నడుస్తానమ్మా. మోకాళ్ళు. మా వాడు నన్ను చూసి రాసినాడు, ఆయమ్మ మనవరాలు ఆయమ్మను చూసి రాసింది. దీంట్లో తగువేముంది?"

"అమ్మా, నువ్వు ఊరుకో. ఇది ర్యాంకు విషయం" అన్నాడు అంగడాయన.

"ర్యాంకు వానికి కావల్నా, నీకు కావల్నా?" అంది ఆమె. అంగడాయన ఫోనులో ఏదో ముఖ్యమైనది వెదకసాగాడు.

నేను గెలిచాననుకున్నాను. కాని కరస్పాండెంట్ సార్ అంత తేలికగా ఎవరినీ గెలవనిచ్చే మనిషి కాదు. "సరి, ఎవరికీ కష్టం వద్దు. ఆ ప్రశ్నే కొట్టేద్దాం. ఎవరికీ మార్కు లేదు, ఎవరికీ తప్పు లేదు. మిస్, మార్కుల షీట్ మార్చి సంతకం పెట్టేయండి" అన్నాడు. ఎంత చక్కని ఉపాయం. హెడ్ మేడం పెన్ను కూడా అందించారు. నేను దాన్ని తీసుకోలేదు. "పిల్లలు సరిగ్గా రాసినదాన్ని రాయనట్టు చేయలేను సార్" అన్నాను. "సంతకం పెట్టకపోతే సోమవారం నుంచి రావాల్సిన పని లేదమ్మా" అన్నాడాయన. "రాను సార్" అన్నాను.

ఆ తరువాత నేను నడిచిన నడక ఎవరైనా చూసి ఉండవలసింది. తల పైకెత్తి, హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించి, విసవిసా గేటు దాటి బస్‌స్టాపు దాకా వెళ్ళాను. అక్కడికి చేరాక గుర్తొచ్చింది, టిఫిన్ క్యారియరు స్టాఫ్ రూములో ఉండిపోయిందని. అది అత్తది. ఉద్యోగం లేకుండా ఇంటికి వెళ్ళవచ్చు, క్యారియరు లేకుండా వెళ్ళడం కుదరదు. స్టాఫ్ రూముకు దారి ఆ హాలులోంచే. తల వంచుకొని మళ్ళీ లోపలికి వస్తుంటే హాలంతా నావైపు తిరిగింది. కరస్పాండెంట్ సార్ ముఖం వికసించింది. "ఏమ్మా, సంతకం పెడతావా?" అన్నాడు. "లేదు సార్. క్యారియరు" అన్నాను. అవ్వలందరూ ఒక్కసారిగా నవ్వారు. ఆ నవ్వు ఎట్లాంటిదో మా మూడో తరగతిని అడిగితే వెంటనే చెప్పేది.

ఇంట్లో మామ మూడు పూటలు నాతో మాట్లాడలేదు. నాలుగో పూట, "సరి సరి అనమంటినే, ఆ రెండు మాటలకు నీ సొత్తు ఏం పోయింది?" అన్నాడు. నేను పత్రికలో ఇంకొక అచ్చుతప్పు దిద్దాను. ఆ వారమంతా మూడో తరగతి పిల్లల్ని తలచుకొని ఏడుపొచ్చింది కూడా, కాని వెళ్ళి సంతకం పెట్టాలని మాత్రం ఒక్కసారీ అనిపించలేదు. తరువాతి వారం కరస్పాండెంట్ సార్ మామకు ఫోను చేశాడు. ఆ జీతానికి తెలుగు చెప్పే మనిషి తిరుత్తణి నుంచి తిరువళ్ళూరు దాకా వెదికినా దొరకలేదట. నేను ఫోను అందుకొని, నమస్కారం కంటే ముందు, "మార్కులు సార్?" అన్నాను. అవతల నిట్టూర్పు వినిపించింది. "అట్లే ఉండనీమ్మా. నువ్వు రా" అన్నాడు. ఉడత, బెల్లం ఇద్దరూ ఫస్టుగానే మిగిలారు. వాళ్ళకు ఆ సంగతి పట్టనే లేదు, బెల్లం ముక్క పంచుకొని తింటూ తిరిగారు. అంగడాయన మాత్రం నేను ఉప్పు కొనడానికి వెళితే చాలాకాలం చిల్లర విసురుగా ఇచ్చేవాడు.

ఇప్పుడు మణవాళనగర్‌లో ఇంకొక బడిలో పనిచేస్తున్నాను. నెత్తిన నాలుగు తెల్ల వెంట్రుకలు, నెలనెలా కట్టవలసిన ఇంటి అప్పు, పెద్ద టీచరమ్మ అన్న పేరు. మొన్నటి పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది: 'నాన్న సాయంత్రం ఇంటికి ______ వచ్చాడు. (ఉత్సాహంగా, నీరసంగా)'. కీలో ఉత్సాహంగా అని ఉంది. ఇక్కడి నాన్నలు పొద్దున్నే మద్రాసు రైలెక్కి, చీకటి పడ్డాక వేలాడుతూ దిగేవాళ్ళు. క్లాసంతా నీరసంగా అనే రాసింది. ప్రిన్సిపాల్ గదిలో ఒక పూటంతా కూర్చొని వాదించాను. మర్యాదగానే వాదించాను, మధ్యలో కాఫీ కూడా తాగాను. చివరికి పిల్లలకు అరమార్కు ఇప్పించగలిగాను. కనకమ్మ సత్రం బస్సెక్కిన ఆ పిల్ల అయితే ఆ అరమార్కును ఆయన బల్ల మీదే వదిలేసి వచ్చి ఉండేది. నేను తెచ్చుకున్నాను. ఇంటికి నడిచి వస్తూ, మిగతా అర ఏ వయసులో, ఎక్కడ ఇచ్చేసి వచ్చానా అని ఆలోచించాను. గుర్తు రాలేదు. ఏమైతేనేం, రేపు పొద్దున దానికోసం మళ్ళీ వెళతానని ప్రిన్సిపాల్‌కు ఇంకా తెలియదు.