కూర్చున్న కొలత

మా దుస్తుల సంస్థలో ఇరవై ఆరేళ్లుగా కత్తెర పట్టిన మనిషిని అందరూ మాస్టరమ్మ అని పిలుస్తారు. కార్యాలయాలలో పనిచేసేవారికి కోట్లు, చొక్కాలు రూపొందించడం సంస్థ పని. కొలతలు తీసి గుడ్డ కోయడం ఆమె పని. ఉత్తరాలకు శుద్ధప్రతి రాయడం నా పని. మా రెండు గదుల మధ్య ఉన్నది ఒక్క చెక్క తలుపు మాత్రమే గనుక, ఆ గదిలోని ప్రతి మాటా నాకు వినిపిస్తుంది.

ఆమె మనిషిని నిలబెట్టి కొలిచేది కాదు. కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు కోత బల్లమీదికి చాపించి, అప్పుడు టేపు పెట్టేది. ఆమె కూతురు ఒక ఆఫీసులో ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే, తల్లి కుట్టిన కొత్త చొక్కా వీపుమీద చిట్లింది. "మా ఆఫీసులో నిలబడి ఉద్యోగం చేసేది వాచ్‌మన్ ఒక్కడే అమ్మా! నువ్వు ఆయన కోసం కుట్టావు" అని ఆ పిల్ల ఆటపట్టించిందట. అప్పటినుంచి ఈ అలవాటు. కూర్చుంటే నడుము పెరుగుతుంది. పెరిగిన ఆ అంకెనే ఆమె పుస్తకంలో రాసేది. కోసేటప్పుడు ఆ మనిషిని తలచుకుని కొంత తగ్గించేది. ఎంత తగ్గించిందీ ఎక్కడా రాయలేదు.

నిరుడు కొలతలనుబట్టి కోత గీతలు గీసే ఏఐ యంత్రం వచ్చింది. ఆమె కొలతల పుస్తకాలన్నిటినీ దానిలోకి ఎక్కించారు. ఒక బీమా కార్యాలయంలోని నలభై మందికి అది గీసిచ్చిన ప్రకారమే కోట్లు కోసి పంపారు. నలభై కోట్లూ నడుము దగ్గర సంచుల్లా వదులై తిరిగివచ్చాయి.

తప్పుడు కొలతలు రాసినందుకు మూడు రోజులలోగా సంజాయిషీ ఇవ్వవలసిందని ఆమెకు తాఖీదు వెళ్లింది. దానికి శుద్ధప్రతి రాసింది నేనే. జవాబు రాయించుకోవడానికీ ఆమె నా దగ్గరికే వచ్చి, కుర్చీ అంచున కూర్చున్నది.

"కొలత తప్పు కాదు బాబాయ్. తగ్గించి కొయ్యాలని వాళ్లకి తెలీదు, అంతే."

"ఆ మాటే రాద్దాం అమ్మాయీ."

"రాస్తే ఆ కిటుకు కూడా దానికి నేర్పేస్తారు. ఇక నాతో పనేముంది? రాయకపోతే దొంగ కొలతలు రాసిందని గెంటేస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి."

"ఇంతకీ ఎంత తగ్గిస్తావు?"

ఆమె తన రెండు అరచేతులూ చూసుకున్నది.

"అదే నా భయం. ఒకరికి అంగుళం, ఒకరికి పావు. బొజ్జ ముందుకేసుకుని కూర్చునే ఆయనకి ఒకలా, వంగిపోయి కూర్చునే పిల్లకి ఒకలా. కత్తెర పడితేగానీ నాకే తెలీదు బాబాయ్. అలా అంటే ఎవరు నమ్ముతారు?"

ఆమె మాటలనే ఒక క్రమంలో పెట్టి రాశాను. 'కోసి చూపగలను' అనే చివరి వాక్యాన్ని రెండుసార్లు కొట్టివేయించింది. మూడోసారి కళ్లు మూసుకుని, "ఉంచెయ్ బాబాయ్" అన్నది.

నాలుగో రోజున మేనేజరు వచ్చాడు. ఆమె కూతురి ఈడువాడు.

"మీ మాటే రైటు మాస్టరమ్మా. నలభై కోట్లూ మీరే మళ్లీ కొయ్యండి."

అతని వెనుక ఇద్దరు నిచ్చెన మోసుకువచ్చి, కోత బల్లకు పైన మూడు కెమెరాలు బిగించారు.

"ఇవెందుకు బాబూ?"

"ఊరికే, రికార్డు కోసం. మీ పని మీరు చేసుకోండి. అవి మిమ్మల్ని ఏమీ అనవు."

"అంటే బాగుండును. తిరిగి నాలుగు అనేదాన్ని."

మేనేజరు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"ఆ కెమెరాల్లో చూసి యంత్రం నేర్చుకుంటుంది, కావాలనే తప్పు కొయ్యి" అని కూతురు సలహా ఇచ్చిందట. మొదటి కోటు దగ్గర ఆమె అలాగే కత్తెరను అర అంగుళం పక్కకు తిప్పబోయింది. చెయ్యి ఒప్పుకోలేదు. ఇరవై ఆరేళ్లుగా సరిగ్గా కోసిన అలవాటు దాని దారినే పోయింది.

నలభై కోట్లూ ఒంటికి అమరినట్టు సరిపోయాయి. సంస్థ ఆమెకు ఇచ్చిన ప్రశంసాపత్రానికి శుద్ధప్రతి రాసి, స్వయంగా తీసుకువెళ్లి ఇచ్చాను. ఆమె ఆసాంతం చదివి, వెనుకవైపు కూడా తిప్పి చూసింది.

"కెమెరాలు తీసేస్తామని ఎక్కడైనా రాశారా బాబాయ్?"

"లేదమ్మా."

రోజూ తలుపు ఇవతలికి వినిపించే "కూర్చోండి" అనే మాట ఆ మధ్యాహ్నం వినిపించలేదు. లేచి చూశాను. కొలతలకు వచ్చిన మనిషిని ఆమె సైగతోనే కూర్చోబెట్టింది. అతని మీదికి వంగి, టేపు కనిపించకుండా తన వీపును కెమెరాలకు అడ్డం పెట్టింది. రెండింటికి ఆ వీపు అడ్డమైంది. మూడవది ఎదురుగా ఉన్నది.