కొండ చాటు పల్లెకు సిగ్నల్

2004లో నేను నంద్యాలలో ఒక సెల్‌ఫోన్ కంపెనీలో నెట్‌వర్క్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఆళ్లగడ్డ దాకా ఉన్న టవర్లు నా బాధ్యత. ఒకరోజు ఓబులమ్మ అనే నర్సు మా ఆఫీసుకి వచ్చింది. ఆళ్లగడ్డకి అవతల, నల్లమల కొండల కింద ఒక పల్లెలోని ఆరోగ్య ఉపకేంద్రంలో ఆమె ఉద్యోగం. కాన్పు కష్టమైతే ఆళ్లగడ్డ నుంచి జీపు పిలిపించడానికే సెల్‌ఫోన్ కొనుక్కుందట. పల్లెలో అది ఒక్కసారీ కలవలేదు.

కవరేజ్ మ్యాపులో, అంటే సిగ్నల్ ఎంతవరకు అందుతుందో చూపే పటంలో, ఆ పల్లె ఉంది. అదే చెప్పాను.

“మ్యాపులో ఉంటే నాకేం సార్, ఫోన్లో రావల్ల గదా,” అంది. మొదటి కాన్పుకి ఆపరేషనైన ఒకమ్మాయికి మళ్లీ నెలలు నిండుతున్నాయనీ, ఆ ఇంటివాళ్లు తననే నమ్ముకున్నారనీ చెప్పింది.

మర్నాడే డ్రైవ్ టెస్టుకి వెళ్లాను. టెస్ట్ ఫోనుతో జీపులో తిరుగుతూ సిగ్నల్ కొలవడమే ఆ పని. ఊరి ముందరి మలుపు తిరగగానే ఫోన్లో సిగ్నల్ గీతలన్నీ పోయాయి. ఆళ్లగడ్డ టవరుకీ పల్లెకీ మధ్య కొండ అడ్డం. ఈ తరంగాలు దాదాపు వెలుతురులాగే తిన్నగా పోతాయి. కొండ వెనక నీడ పడ్డట్టే, పల్లెకి సిగ్నల్ అందడం లేదు.

ఆ పల్లెలో ఫోన్లున్నవాళ్లు తక్కువని మా మేనేజరు కొత్త టవరుకి ఒప్పుకోలేదు. నేను వదల్లేదు. ఓబులమ్మతో కలిసి ఊరంతా తిరిగాను. పక్కింటి నిచ్చెన వేసుకుని ఉపకేంద్రం మిద్దె ఎక్కితే, కొండల సందులోంచి హైవే పక్కనున్న మరో టవరు సన్నగా కనిపించింది. దాని యాంటెన్నా రోడ్డు వైపు తిరిగి ఉంది. దాన్ని కొంచెం పల్లె వైపు తిప్పుదామని మేనేజరుని అడిగాను. హైవే మీద ఒక్క కాల్ తెగినా మళ్లీ యథాస్థానంలో పెట్టాలని ఆయన షరతు పెట్టాడు. తిప్పించి, రోడ్డు పొడవునా మళ్లీ మళ్లీ కొలిచాను. తెగలేదు.

పల్లెలో మాత్రం మిద్దె మీదే రెండు గీతలు. కింద గదిలో ఏమీ లేదు. ఇంతకుమించి నా చేతిలో లేదని దాచకుండా చెప్పాను.

“ఎక్కి మాట్లాడుకుంటాలే సార్. నిచ్చెన ఈడనే పెట్టిస్తా,” అంది.

కొన్ని వారాలకి నంద్యాల ఆస్పత్రి నుంచి ఫోన్ చేసింది. ఆ పొద్దున జోరువానలో మిద్దెక్కి జీపు పిలిపించిందట. అమ్మాయికి ఆపరేషనైంది.

“తల్లీబిడ్డా బాగుండారు సార్. ఆడబిడ్డ.” ఆ వెంటనే అడిగింది: “కింద గదిలోకి ఎప్పుడొస్తాది?”

ఎక్కడ అందదో నిజం చెప్తే, జనం దానికి తగ్గ ఏర్పాటు చేసుకుంటారని ఆరోజు తెలిసింది. ఆ తర్వాత ఏ ఊరికి సిగ్నల్ ఇచ్చినా, అది ఎక్కడ ఆగిపోతుందో ఆ ఊళ్లోనే నిలబడి చెప్పి వచ్చేవాణ్ని.