ఒక్క సూత్ తక్కువ

నా చిన్నప్పుడు మా ఇంట్లో కుట్టుమిషన్ చప్పుడు ఆగితే పిల్లలకు మెలకువ వచ్చేది. చప్పుడుకు లేవడం అందరికీ తెలుసు, చప్పుడు ఆగితే లేవడం దర్జీ ఇంటి పిల్లలకే తెలుస్తుంది. మాది కోరుట్ల. మా బాపు పుట్టింది మాత్రం సిరిసిల్లలో, మగ్గాలున్న ఇంట్లో. నేత కడుపు నింపడం లేదని మగ్గం వదిలి, కత్తెర పట్టుకుని కోరుట్లకు వచ్చాడు. ఆయన వెంట మా నాయినమ్మ వచ్చింది, ఆమె వెంట ఆమె రాట్నం వచ్చింది. నేసేవాళ్ళు లేని ఇంట్లో రాట్నం ఎందుకని ఎవరైనా అడిగితే, "మరి నా చేతులు ఊకుంటయా?" అనేది. సిరిసిల్ల చుట్టాలతో నూలు తెప్పించుకుని, కండెలు చుట్టి మళ్ళీ వాళ్ళతోనే పంపించేది.

అరవై తొమ్మిది ఉద్యమం రోజులవి. బళ్ళు మూతపడ్డాయి. బస్సు ఏ రోజు నడుస్తుందో, ఏ రోజు నడవదో దాన్ని నడిపే డ్రైవరుకే తెలియదు. గోడలన్నీ బొగ్గు రాతలు. బడి లేదని మేం గంతులు వేశాం, మాకేం తెలుసు! మా బాపు గొంతెత్తి మాట్లాడే మనిషి కాదు. మా అమ్మ కూర మాడ్చినా "జర ఎక్వ కాలింది" అని తిని లేచేవాడు. అంతటి నెమ్మదస్తుడు గుండీలు, దారపు ఉండలు కొనడానికి జగిత్యాల పోయి, అక్కడ ఊరేగింపు కనిపిస్తే అందులో కలిసిపోయాడు. జై తెలంగాణ అని గొంతు బొంగురుపోయేదాకా అరిచాడని చూసినవాళ్ళు చెప్పారు. ఊరేగింపు చెదిరి జనం ఉరికినప్పుడు వాన నీళ్ళు పోయే మోరీ మీద నుంచి కింద రాళ్ళలో పడ్డాడు. ఆయన మీద మరెవరో పడ్డారు. ఎడ్లబండిలో గడ్డి పరిచి ఇంటికి తెచ్చారు. వైద్యులు చూశారు, కట్లు కట్టేవాళ్ళు చూశారు. నడుం దెబ్బతిన్నది, ఇక కాళ్ళు రావని అందరూ ఒకే మాట చెప్పారు.

మొదట్లో మా ఇంటికి తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చారు జనం. "మా అందరి కోసం పడ్డవన్నా" అనేవాళ్ళు కొందరు, "ధైర్నంగ ఉండాలె, దేవుడున్నడు" అనేవాళ్ళు కొందరు. వెల్గటూర్ నుంచి మా మేనత్త వచ్చి, సీసాలో తెచ్చిన గోదావరి నీళ్ళు కాళ్ళ మీద చల్లి, గంటసేపు ఏడ్చి పోయింది. వచ్చినవాళ్ళందరి మాటలూ విని మా బాపు గోడవైపు తిరిగేవాడు. తిరిగేవాడు అంటున్నాను గానీ, తనంతట తాను తిరగలేడు కదా. తిప్పమని మా అమ్మకు చేత్తో సైగ చేసేవాడు. ఆమె వచ్చి నడుం కింద చెయ్యి పెట్టి తిప్పేది. అలా గోడను చూస్తూ పడుకుంటే మళ్ళీ పొద్దుగూకేదాకా ఉలుకూ పలుకూ ఉండేది కాదు.

కొన్నాళ్ళకు సైగ తప్ప మాటే లేకుండా పోయింది. తిండి కూడా రెండు ముద్దలే, అదీ మా అమ్మ ఏడిస్తే. బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని ఆకులు కత్తిరిస్తూనే ఆమె ఏడ్చేది, ఎందుకంటే ఇల్లు ఆ చాట మీదనే నడుస్తోంది. ఒకనాడు పక్కింటి చాచాతో, "గిట్లనే ఉంటే ఈ మనిషి దసరా సూడడు" అంది. నేను అక్కడే ఉన్నాను. దసరా చూడకపోవడమంటే ఏమిటో నాకు అర్థమైంది. మా నాయినమ్మ కూడా అక్కడే ఉంది. ఆమె రాట్నం ఆపలేదు.

పక్కింటి చాచా సైకిళ్ళు, స్టవ్‌లు, కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ఇంటి ముందు రేకుల కింద ఆయన కార్ఖానా. నోరు మంచిది కాదు. స్క్రూ ఊడిరాకపోతే దాన్ని చేసినవాడి తాతముత్తాతలను ఉర్దూలో తిట్టేవాడు. మాకు తిట్లు అర్థం కాకపోయినా రాగం నచ్చేది. రంజాన్‌కు ఆయన తొడుక్కునే కుర్తా ఎప్పుడూ మా బాపు కుట్టిందే. అందరిలా ఆయన ధైర్యం చెప్పలేదు. మా మిషన్ ముందు కూర్చుని, కాలితో తొక్కే పలకను కాసేపు చూసి, "కాళ్లు పోతే పోయినయి. చేతులున్నయి గద భాయ్. దీన్ని చేతి మిషన్ చేస్త" అన్నాడు. మా బాపు గోడవైపు నుంచి కదల్లేదు.

బస్సులు లేవు గనుక చాచా సైకిలు మీదనే జగిత్యాల పోయాడు. పాత సామాను కుప్పల్లో వెతికి, ఎవరిదో విరిగిన చేతి మిషన్‌ది పిడి ఉన్న ఇనుప చక్రం ఒకటి పట్టుకొచ్చాడు. మా మిషన్‌కు కుడివైపు ఉండే చక్రం తీసేసి దీన్ని ఎక్కిస్తే, పిడి పట్టుకుని చేత్తో తిప్పవచ్చని ఆయన ఆలోచన. కానీ ఆ మిషన్ కంపెనీ వేరు, మాది వేరు. చక్రం నడుమ ఉన్న రంధ్రం పెద్దది, మా మిషన్ ఇరుసు సన్నది. ఎక్కిస్తే తాగినవాడిలా ఊగింది. రేకుముక్క చుట్టాడు, జారింది. సైకిల్ ట్యూబు కోసి చుట్టాడు, అది నలిగి బయటికి వచ్చింది. లేతు మిషన్ మీద ఒక ఇనుప కడియం చెక్కించుకుని సందులో దూర్చితే సరిపోయేదే, కానీ లేతులున్న దుకాణాలన్నీ బంద్. పొద్దున మొదలుపెట్టిన మనిషి పగటిపూట అన్నం వేళకు చెమటతో తడిసి, సుత్తె కింద పడేశాడు.

"ఒక్క సూత్ తక్కువున్నదమ్మా!" అన్నాడు మా నాయినమ్మతో. "గా ఒక్క సూత్ ఉంటే పని అయిపోతుండె."

సూత్ అంటే పనివాళ్ళ కొలత, అంగుళంలో ఎనిమిదో వంతు. చెక్కపని చేసే వడ్లాయన దగ్గర, కమ్మరి దగ్గర, సైకిల్ షాపు దగ్గర ఎక్కడ విన్నా ఆ మాటే. అయితే నూలును కూడా ఉర్దూలో సూత్ అనే అంటారు. సిరిసిల్లలో నూలు అమ్మే సేట్లందరిదీ అదే మాట.

మా నాయినమ్మ రాట్నం దగ్గర నుంచి మోకాళ్ళు పట్టుకుని లేచింది. నిండుగా చుట్టిన కండె ఒకటి తెచ్చి చాచా చేతిలో పెట్టింది. "ఇంద కొడుకా. ఒక్క సూత్ ఏంది, కండెడు ఉన్నది. తక్కువున్నదని ముందుగాలనే చెప్తే ఇయ్యనా?"

చాచా నోరు తెరిచాడు. మా అమ్మ బీడీ చుట్టడం ఆపేసింది. అప్పుడు గోడవైపు నుంచి ఒక గొంతు వచ్చింది. ఎన్నాళ్ళుగానో వాడని గొంతు, గరగరమంటూ వచ్చింది.

"అవ్వా... సూత్ అంటే నూలు గాదే. కొలత."

"ఏం కొలతరా?" అంది నాయినమ్మ.

"ఇంచుల ఎనిమిదో పాలు. టేపు మీద సిన్న గీతలుంటయి సూడు, గదే."

"గీతలా? గీతలు వెట్టి సక్రాన్ని నిలవెడ్తరా? నన్ను ఎడ్డిదాన్ని చేస్తున్నరు మీరిద్దరు."

"అయ్యో, గట్ల గాదే! నన్ను జర గిటు తిప్పున్రి. టేపు తేండ్రి, సూపిస్త ఈమెకు."

అమ్మా చాచా ఇద్దరూ పరుగున పోయి ఆయన్ను మా వైపు తిప్పారు. నేను టేపు తెచ్చి ఇచ్చాను. ఆయన ఒక్కొక్క గీతా వేలితో చూపించి చెప్తుంటే, నాయినమ్మ కళ్ళు చికిలించి, గీతకో తప్పు ప్రశ్న వేసింది. చివరికి మా బాపు నవ్వాడు. పొట్ట ఊగేటట్టు నవ్వలేడు, నడుం నొస్తుంది. అందుకని పళ్ళు బిగబట్టి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. నవ్వి నవ్వి చక్రాన్నీ కండెనూ మార్చి మార్చి చూసి, "భాయ్, గా నూలే సుట్టి సూడరాదు?" అన్నాడు.

చాచా పంక్చర్లకు వాడే సొల్యూషన్ డబ్బా తెచ్చాడు. పోగు పోగుకూ అది పూస్తూ ఇరుసు మీద నూలు చుట్టింది మా నాయినమ్మే. కండెలు చుట్టిన చెయ్యి కదా, ఎక్కడా ఎత్తు లేదు, పల్లం లేదు. ఎండనిచ్చి, చెక్క అడ్డం పెట్టి చక్రాన్ని మెల్లగా కొట్టి ఎక్కిస్తే కదలకుండా కూర్చుంది. మా బాపును కుర్చీలో ఆనించి, అమ్మ పాత చీరతో నడుం కట్టి మిషన్ ముందు కూర్చోబెట్టారు. రెండు చేతులూ గుడ్డ మీద ఉండాలి గనుక పిడి తిప్పడానికి నాయినమ్మ కూర్చుంది. చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక కుట్టు పడింది. మా ఇంట్లో మళ్ళీ చప్పుడు వినిపించింది, మునుపటి పరుగు లేదు, కుంటుకుంటూ నడిచే చప్పుడు.

ఆ సాయంత్రం పెరట్లో నాయినమ్మ వేళ్ళకంటిన సొల్యూషన్ గీక్కుంటుంటే, నేను పక్కన చేరి, "టేపు గీతలు గూడ తెల్వయా నీకు?" అని ఎగతాళి చేశాను. ఆమె నన్ను దగ్గరికి లాక్కుంది.

"మగ్గమున్న ఇంట్ల బతికినదాన్ని, వడ్లాయన నోట్లె సూత్ మాట ఇనలేదా బిడ్డా నేను?" అంది. "అందరచ్చి ఆనికి చెప్పెటోళ్ళే. ఆన్ని ఒక్క ముచ్చట చెప్పనిచ్చినోళ్ళు ఒక్కలు లేరు." తర్వాత నా చేయి తన తల మీద పెట్టించుకుని, ఈ సంగతి బాపుకు చెప్పనని ఒట్టు వేయించుకుంది.

ఇక మా బాపుకు అదే కథ అయిపోయింది. ధైర్యం చెప్పడానికి ఎవరొచ్చినా, వాళ్ళు నోరు తెరవకముందే "మా అవ్వ సూత్ తెచ్చిన ముచ్చట ఇన్నవా?" అని మొదలుపెట్టేవాడు. వచ్చినవాళ్ళు విరగబడి నవ్వేవాళ్ళు. నాయినమ్మ పిడి తిప్పుతూ, "నాకేమెరుక, సదువు లేనిదాన్ని" అని తల వంచుకునేది. నాకు ఒళ్ళు మండేది. మీకెవరికీ బుద్ధి లేదు, ఆమె కాలిగోటికి సరిపోరు మీరు అని అరవాలనిపించేది. ఒట్టు ఉంది కదా, పళ్ళు కొరుక్కుని ఊరుకునేదాన్ని. ఆ నూలు మాటిమాటికీ వదులయ్యేది. ఆమే మళ్ళీ చుట్టేది.

మా బాపు దసరా చూశాడు. మా వాడ పిల్లల బట్టలు కొన్ని కుట్టాడు కూడా. కానీ పడక పుండ్లు మానలేదు. చలికాలం వచ్చేసరికి వీపంతా పచ్చి అయింది, జ్వరం దిగడం మానేసింది. మిషన్ ముందు కూర్చోబెట్టడం కుదరలేదు. ఒక మధ్యాహ్నం అమ్మ బీడీలు అప్పజెప్పడానికి పోయింది, నాయినమ్మ బావి దగ్గర ఉంది. ఆయన నన్ను పిలిచి నీళ్ళు అడిగి, రెండు గుక్కలు తాగి, ఉన్నట్టుండి అన్నాడు.

"మీ నాయినమ్మకు సూత్ తెల్వదనుకుంటున్నవా బిడ్డా? మా నాయిన మగ్గం కూసవెట్టిన నాడు వడ్లాయన పక్కన కూసోని, సూతెడు గీకు, అర సూతు గీకు అని చెప్పింది ఆమెనే. నేను ఆ మాట మొదలు ఇన్నదే ఆమె నోట్లె."

"చెప్పకు ఆమెకు" అన్నాడు. "నా కొడుకును నవ్విచ్చిన అనుకుంటున్నది. అనుకోనియ్." ఆ తర్వాత కూడా ఎవరైనా చూడవస్తే, ఊపిరందకపోయినా, ఆ కథ చెప్పాడు. నాయినమ్మ తల వంచుకుంది. వాళ్ళిద్దరి నడుమ నేను నోరు కుట్టేసుకుని కూర్చున్నాను.

సంక్రాంతికి ముందే పోయాడు. దినం రోజు వచ్చినవాళ్ళు అన్నాలు తిని వెళ్ళిపోయాక, నాయినమ్మ మిషన్ పక్కన నేల మీద కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచి ఉంది. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. తర్వాత మెల్లగా అడిగింది, "ఆనికి తెల్వనే లేదు గదా బిడ్డా?" అని.

"తెల్వలేదు నాయినమ్మా" అన్నాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది, అది చాలన్నట్టు తల ఊపింది. ఇప్పుడు ఆమె వయసు నాకు వచ్చింది. నా బతుకులో చాలా అబద్ధాలు ఆడాను, చాలా మరిచిపోయాను. ఈ ఒక్కటి మాత్రం నిజం కంటే భద్రంగా దాచుకున్నాను.