మర్నాడు కారిన రక్తం

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. నందిగామలో నా పళ్ళ ఆసుపత్రికి గరికపాడు నుంచి నాగమణి వచ్చింది. జ్ఞానదంతం తీశాను. కాసేపటికి రక్తం గడ్డకట్టింది, ఇంటికి పంపేశాను. మర్నాడు నోటినిండా రక్తంతో తిరిగొచ్చింది. కుట్లు వేస్తే ఆగింది. ఆ మర్నాడు మళ్ళీ మొదలు.

జగ్గయ్యపేట ల్యాబ్‌లో ప్లేట్‌లెట్లు, పీటీ, ఏపీటీటీ చేయించారు. రక్తం సరిగా గడ్డకడుతోందా అని చూసే పరీక్షలివి. అన్నీ నార్మల్.

“నార్మలంటే రోగం లేదనేగా డాక్టరుగారూ?” అంది నాగమణి అత్తగారు. “ఇంకేంటో నాకు తెలుసులెండి. మా చిన్నకోడలు చూసిపోయాకే మొదలైంది.”

ఆ చిన్నకోడలు విమల గుమ్మం బయటే నిలబడి ఉంది. చేతబడి చేసిందని వంటింట్లోకి రానివ్వడం మానేశారు. ఆదివారం పెద్దల్లో పెట్టి పుట్టింటికి పంపేస్తారట. నాగమణి రక్తపు గుడ్డలు మార్చడానికి మాత్రం ఆమే కావలసి వచ్చింది.

చేతబడి అబద్ధమని ఇరవై ఏళ్ళుగా సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి. ఆ రోజు ఓపిక లేకపోయింది. పైగా ఈసారి అత్తగారికి ఆధారం అందించింది మా పరీక్షలే. వాదన మాని, ఇదివరకెప్పుడైనా ఇలా అయిందా అని నాగమణిని అడిగాను. చిన్నప్పుడు చెవులు కుట్టించినప్పుడూ, కాన్పప్పుడూ అంతేనట. మొదట ఆగి, మర్నాడు కారేదట.

“అక్కకి చెవులు కుట్టేనాటికి నేనింకా పుట్టనే లేదత్తయ్యా,” అంది విమల బయటినుంచే.

గాయం మానేదాకా రక్తపు గడ్డ నిలవాలి. దాన్ని కరిగించే ప్లాస్మిన్ మన ఒంట్లోనే ఉంటుంది. అది తొందరపడకుండా పట్టి ఉంచేది యాంటీప్లాస్మిన్. ఇది తక్కువైతే గడ్డ ముందే కరిగిపోతుంది. మామూలు పరీక్షలు గడ్డ కట్టడాన్ని చూస్తాయి గాని, అది నిలుస్తోందా అని చూడవు. విజయవాడలో రక్తవ్యాధుల డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, గడ్డను కరగనివ్వని ట్రానెగ్జామిక్ యాసిడ్ మొదలుపెట్టాను. ఈసారి మర్నాడు రక్తం రాలేదు. తర్వాత ప్రత్యేక పరీక్షలో యాంటీప్లాస్మిన్ తక్కువని తేలింది.

పుట్టుకతో, తల్లిదండ్రుల నుంచి వచ్చే లోపమిదని ముగ్గురికీ చెప్పాను. అత్తగారు తీరిగ్గా విని, నాగమణిని చూపిస్తూ, “అయితే దీని పుట్టింటోళ్ళు రోగం దాచి మాకు అంటగట్టారన్నమాట,” అంది. విమలను పంపేసే మాట మళ్ళీ ఎత్తలేదు.

“నా వంతు అయిపోయింది. ఇక నీదేనక్కా,” అంది విమల. నాగమణి నవ్వబోయి దవడ పట్టుకుంది.

నేను కారణం వెతికాను. ఆవిడకు కావలసింది దోషి. అప్పటినుంచి నార్మల్ అన్న రిపోర్టు చేతికిచ్చేటప్పుడు ఏం చూశామో, ఏం చూడలేదో కూడా చెబుతున్నాను. జబ్బు ఎవరి తప్పూ కాదని రెండుసార్లు చెబుతున్నాను. తలూపుతారు. మెట్లు దిగాక ఎవరిని తిట్టుకుంటారో నాకు తెలియదు.