నా కథలో ఆగిన ఏరియేటర్లు

కథ రాసి పోలీస్ స్టేషన్ మెట్లెక్కిన మనిషిని మా విడవలూరు వైపు నేనొక్కదాన్నే అనుకుంటాను. అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. కాలేజీ పత్రికలో నా కథ అచ్చయింది. పనిలోంచి తీసేసిన ఒక కూలీ కోపంతో యజమాని రొయ్యల గుంట దగ్గరికి వెళ్లి, స్టార్టర్ పెట్టెలో ఒక్క వైరు పీకేస్తాడు. నీళ్లను చిలికే ఏరియేటర్లన్నీ ఆగిపోతాయి. గాలి అందక రొయ్యలన్నీ చచ్చిపోతాయి. అంతే కథ.

మా నాయన గుంటల మీద మోటార్లు బాగుచేసేవాడు. సెలవు రోజుల్లో ఆయన వెంట వెళ్లి చూసినవే కథలో పెట్టాను. గట్టు మీద నీలం డ్రమ్ములు, రేకుల షెడ్డు, చెవి తెగిన కుక్క. ఎవరి గుంటో తెలియకూడదని ఊరి పేరు మార్చాను గానీ, కుక్కను మార్చాలని తట్టలేదు. నా తెలివి అలా తెల్లారింది!

ఆ గుంట ఆసామి నా కథను వాట్సాప్‌లో చూశాడు. వెంటనే గట్టు మీద ఇద్దరు కాపలావాళ్లను పెట్టి, ఇది బెదిరింపేనని నా మీద ఫిర్యాదు ఇచ్చాడు. నాయనకు దొరికే పనిలో సగానికి పైగా ఆయన గుంటల్లోనే.

స్టేషన్లో ఎస్సై కథను పైకి చదివాడు. నేను నాయన వెనక్కి నక్కాను. అయినా నిజం చెప్పాలి, భయం ఒక్కటే కాదు. నేను మా వంటింటి గడప మీద కూర్చుని అల్లిన అబద్ధం వింటూ అంత పెద్ద ఆసామి తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. టీ తెచ్చిన కానిస్టేబుల్ గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నా మాటలకింత బలముందా అని నాకే ఒళ్లు జలదరించింది.

"చూసినారా సార్, అంతా నా గుంటే. కుక్కతో సహా రాసినాది," అన్నాడు ఆసామి.

ఎస్సై ఒక కాగితం నాయన ముందుకు తోశాడు. మా అమ్మాయి ఇకమీదట కథలు రాయదని అందులో ఉంది. సంతకం పెడితే సరి, లేకపోతే కేసు. కేసంటే నా చదువు గోవిందా. నాయన పెడతాడనే అనుకున్నాను. ఎవరికీ ఎదురు చెప్పి ఎరగడాయన.

నాయన కాగితం పక్కనబెట్టి కథ అడిగి తీసుకున్నాడు. పెదాలు కదుపుతూ నిలబడే చదివాడు. నా కథ ఆయన చదవడం అదే మొదటిసారి.

"ఇది జరగదు సార్," అన్నాడు చివరికి. "దేని స్టార్టర్ దానికే ఉండాది. ఒక్క వైరు పీకితే ఒక్క ఏరియేటరే ఆగతాది. అవన్నీ బిగించింది నేనే. కావాలంటే ఈ అన్ననే అడగండి."

ఎస్సై ఆసామి వైపు చూశాడు.

"అది నాకు తెలీకనా సార్," అని నసిగాడు ఆసామి. "చదవతా ఉంటే గుండె ఆగినంత పనైంది."

ఎస్సైకి నవ్వొచ్చింది. అయినా కాగితం మాత్రం వెనక్కి తీయలేదు.

"తప్పు రాసినాది, దిద్దుకుంటాది. ఇంక రాయదని మాత్రం నేను సంతకం పెట్టలేను సార్," అన్నాడు నాయన. చేతులు కట్టుకునే అన్నాడు. అయినా అన్నాడు. అంతకంటే పెద్ద మనిషిని నేనింతవరకు చూడలేదు.

జరగని దానికి కేసేం పెట్టేదని ఎస్సై అనేసరికి ఆసామి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. నాయనను మళ్లీ పనికి మాత్రం పిలవలేదు. పిలవడని స్టేషన్ బయటికి వస్తున్నప్పుడే మా ఇద్దరికీ తెలుసు. బండి స్టార్ట్ చేస్తూ నాయన నా వైపు తిరిగాడు.

"మోటార్ల సంగతి రాసేటప్పుడు నన్నడగొద్దా పాపా? అన్నీ ఒక్కసారే ఆగాలంటే ఏం పీకాలో నేను చెప్తా గదా."