పచ్చ దోమతెర

నా చిన్నప్పటి క్రిస్మసుల్లో ఒకదాన్ని తలుచుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టం ఉండదు. కానీ ఏటా డిసెంబరులో మా పిల్లలు, మనింట్లో అందరిలా చెట్టెందుకు పెట్టవని అడుగుతారు. చెప్పక తప్పదు.

ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమైన రోజులవి. మేము రాయపూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఉండేవాళ్లం. నాన్న వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో వెల్డరు. ఏటా పండక్కి ఆయనే ఎక్కడినుంచో ఒక కొమ్మ తెచ్చి, డబ్బాలో ఇసుక పోసి నిలబెట్టేవాడు. ఆ ఏడు టైఫాయిడుతో మంచం మీద ఉన్నాడు. నాలుగేళ్ల తమ్ముడు చెట్టేదీ చెట్టేదీ అంటూ నా వెనకాలే తిరిగేవాడు. ఆ చెట్టేదో నేనే తెస్తే ఇంట్లో నన్ను నెత్తిన పెట్టుకుంటారని పదేళ్ల నాకు ఆశ.

పక్క క్వార్టర్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పెద్దమ్మ ఉండేది. మాకు చుట్టం కాదు, పిలుపు అంతే. ఆమె ఒక్కగానొక్క కొడుకు మూడేళ్ల కిందట మలేరియాతో పోయాడు. ఆ తర్వాత ఊరెళ్లినప్పుడు ఒక సరుగుడు మొక్కను రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చి, వాకిట్లో నాటింది. రోజూ బియ్యం కడిగిన నీళ్లు దానికే పోసేది. గ్రీటింగు కార్డుల్లో చెట్టులా నిటారుగా ఎదిగింది. దాన్ని కొడుకు గుర్తుగా నాటిందని నాకు తెలుసు. తెలిసే చేశాను, ఆ మాట దాచను.

పెద్దమ్మ బజారుకెళ్లిన ఒక మధ్యాహ్నం మచ్చుకత్తితో మొదలంటా నరికి ఇంటికి ఈడ్చుకొచ్చాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి ముందు గోడ పట్టుకుంది. తర్వాత నా వీపు చితకబాదింది. ఆ మొక్కతోనే నన్ను తీసుకెళ్లి పెద్దమ్మ గుమ్మంలో నిలబెట్టింది.

పెద్దమ్మ కూరల సంచితో వచ్చింది. సంచి కింద పెట్టి, నా చేతుల్లోంచి మొక్క తీసుకుని, నేల మీద నిలబెట్టి, చివర మీద చెయ్యి ఆనించి చూసుకుంది.

"మా గుంటడి బుజం కాడికి వచ్చీసింది" అని మాత్రం అంది. మొక్కతో లోపలికెళ్లి తలుపేసుకుంది. తిడితే బాగుండునని నాకు అనిపించింది. ఆ పూట మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె మా ఇంటికి వచ్చింది. నేను నాన్న మంచం వెనక దాక్కున్నాను. ఆమె చేతిలో షాపు కవరులోనే ఉన్న పచ్చటి గుడ్డ ఉంది.

"వాడు ఆస్పత్రిలో ఉన్నప్పుడు కొన్నామే ఈ మచ్చర్‌దానీ. ఇంటికొస్తే కడదామని. కవరు ఇప్పనే లేదు" అంది అమ్మతో.

వద్దప్పా అంటూ అమ్మ ఏడ్చేసింది. పెద్దమ్మ వినలేదు. నన్ను పిలిచి స్టూలు ఎక్కించి, పైకప్పు కొక్కేనికి దాన్ని కట్టించింది. అది గుండ్రటి దోమతెర. అంచులు వెడల్పుగా లాగి చుట్టూ ఇటుకలు పెట్టేసరికి పైన సన్నగా, కింద విశాలంగా పచ్చని చెట్టులా నిలబడింది. తమ్ముడు చప్పట్లు కొట్టాడు. నేను కాగితం నక్షత్రాలకు పిన్నీసులు తీస్తుంటే ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"పిన్నీసులు గుచ్చకు. బెజ్జం పడితే దోమ దూరిపోద్ది. పండగైపోయాక తమ్ముణ్ని ఇందులోనే తొంగోబెట్టండి."

ఒక్కో నక్షత్రాన్నీ దారంతో ముడేసి కట్టాను. అన్నీ కట్టేదాకా ఆమె అక్కడే కూర్చుంది. నా తల నిమరలేదు. నన్ను మళ్లీ పేరు పెట్టి పిలవడానికి చాలా నెలలు పట్టింది. వాకిట్లో మిగిలిన మోడుకు మాత్రం ఎండాకాలం దాకా బియ్యం నీళ్లు పోస్తూనే ఉంది. అది చిగురించలేదు. ఒకరోజు నుంచి పోయడం మానేసింది.

తమ్ముడు బడికెళ్లే వయసు దాటేదాకా అందులోనే పడుకున్నాడు. పెద్దమ్మ భర్త రిటైరయ్యాక వాళ్లు ఊరెళ్లిపోయారు. నన్ను క్షమించావా అని అడిగే ధైర్యం నాకు అప్పుడూ రాలేదు, తర్వాతా రాలేదు.

ఇప్పుడు నయా రాయపూర్‌లోని మా ఇంట్లో డిసెంబరు వస్తే అదే తెర వేలాడుతుంది. పిల్లలు పిన్నీసు ముట్టుకుంటే నా గొంతు కటువుగా మారిపోతుంది. పండగ అయ్యాక ఉతికి ఆరేసి, వెలుగుకు పట్టి అంగుళం అంగుళం చూసుకుంటాను. రంగు వెలిసిపోయింది కానీ, ఇన్నేళ్లలో దానికి ఒక్క చిల్లు పడనివ్వలేదు. ఆమె కోసం నేను చేయగలిగింది ఇంతే.