పెరుగు నిండుకుంది

మా పాపకి అయిదేళ్లప్పుడు విజయవాడలో బందరు కాలవ పక్కన, రెండో అంతస్తులో అద్దెకుండేవాళ్లం. ఆ ఇంటి బాల్కనీ అంటే నాకు ఇప్పటికీ బెంగే. ఆ రోడ్డున ఆటోలో వెళ్తే తలెత్తి చూడకుండా ఉండలేను. మధ్యాహ్నాలు అక్కడ చాపేసుకుని పాపకి పెరుగన్నం ముద్దలు పెట్టేదాన్ని. ఆటిజం ఉన్న పిల్ల. పిలిస్తే పలికేది కాదు, కళ్లలోకి చూసేది కాదు, మాట లేదు. ముద్ద దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా చెయ్యి పట్టుకుని నోటి దాకా లాక్కునేది. రసాల కాలంలో మామిడిపండు పిండి కలిపితే, మూతంతా పసుపు చేసుకుని నా ఒళ్లో కూర్చునే తినేది. రోజు మొత్తంలో తను కావాలని నన్ను ముట్టుకునేది ఆ కాసేపే.

ఆ సుఖాన్ని చేజేతులా పాడుచేసుకున్నది నేనే.

ఫోన్లో ఇలాంటి పిల్లల తల్లుల గ్రూపు ఒకటుండేది. అందులో ఒకావిడ ఆన్‌లైన్ క్లాసులు చెప్పేది. పాలు, పెరుగు, గోధుమలు పూర్తిగా మానిపిస్తే మూడు నెలల్లో పిల్లలకి మాటలొస్తాయని ఆవిడ భరోసా. మేం చూపించే డాక్టరుగారు "దానికి రుజువేం లేదమ్మా, అసలే పిల్ల తినేది నాలుగు రకాలు" అన్నారు. నేను వింటేనా? నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. 'అమ్మా' అనే పిలుపు కోసం ప్రాణం కొట్టుకుపోతున్న రోజులవి. వద్దన్నవాళ్లంతా శత్రువుల్లాగే కనిపించేవాళ్లు. మా ఆయన కొండపల్లి దగ్గర కరెంటు ప్లాంటులో షిఫ్టుల మనిషి. "నీ ఇష్టం" అనేసి బస్సెక్కాడు.

ఇక మిగిలింది మా అత్తయ్య. హనుమాన్ జంక్షన్ నుంచి ఎప్పుడొచ్చినా స్టీలు క్యానులో గేదె పెరుగు తెచ్చే మనిషి. ఆ వేసవికి మా దగ్గరే ఉంది.

"పెరుగు లేకుండా పిల్లకి అన్నం ఎట్టా దిగుద్ది అమ్మాయ్?" అంది.

"మూడు నెలలేనండి. మీరు అడ్డం పడకండి."

"నేనెందుకు పడతాను. దాని ఎదురుగా మాత్రం లేదనమాక. వంటింట్లో ఆ మాట పనికిరాదు."

బియ్యమైనా ఉప్పైనా, డబ్బా ఖాళీ అయితే ఆవిడ 'అయిపోయింది' అనదు. 'నిండుకుంది' అంటుంది. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషే, ఈ పట్టింపు మాత్రం వదల్లేదు. పెళ్లయినప్పటి నుంచీ వినీ వినీ నా నోటికీ అదే అలవాటైంది.

మర్నాడు పాప కంచం పట్టుకొచ్చింది. "పెరుగు నిండుకుంది బంగారం" అన్నాను. వెంటనే పరిగెత్తుకెళ్లి ఫ్రిజ్ ముందు కంచం పెట్టుకుని బాసింపట్టు వేసుకుని కూర్చుంది. లాక్కొస్తే ఏడ్చింది, తల నేలకేసి కొట్టుకుంది. రోజూ ఇదే తంతు. "అలవాటు అలాగే లాగుతుంది, మీరు గట్టిగా ఉండండి" అంది క్లాసులావిడ. ఉన్నాను. పాప పప్పన్నం రెండు ముద్దలు తిని లేచిపోయేది. గౌను భుజాల మీంచి జారిపోతుంటే పిన్నీసు పెట్టేదాన్ని. అయినా మానలేదు.

రెండో నెల చివర్లో ఒక పొద్దున పాప స్నానానికి పంపు కింద బకెట్టు పెట్టాను. నీళ్లు అంచు దాటి పొర్లాయి. పాప బకెట్టు మీద చెయ్యి వేసి, స్పష్టంగా "నిండుకుంది" అంది.

ఎగిరి గంతేశాను. తడి చేతులతోనే మా ఆయనకి ఫోన్ చేశాను, గ్రూపులో పెట్టాను. క్లాసులావిడ చప్పట్ల బొమ్మలు పంపింది. అత్తయ్య మాత్రం వచ్చి పంపు కట్టేసి, కాసేపు పాపనే చూసింది.

"అమ్మాయ్, దానికి నిండుకోటమంటే నిండటమే."

"అయితే ఏంటండి?"

"గిన్నె నిండా పెరుగుందని రోజూ నువ్వే చెప్తున్నావు దానికి. చెప్పి, పెట్టకుండా లాక్కొస్తున్నావు."

పాపకి చాటు అర్థాలు తెలియవని, ఏదున్నా తిన్నగా చెప్పమని స్పీచ్ థెరపీలో నాకు ఎన్నిసార్లు చెప్పారో. పైగా ఫ్రిజ్‌లో అత్తయ్య కోసం తోడుపెట్టిన గిన్నె ఉండనే ఉండేది. ఆకలితో ఉన్న పిల్లని రెండు నెలలు ఏడిపించాను.

డైటూ లేదు, గియిటూ లేదు అనుకుని, ఆ మధ్యాహ్నమే అన్నం మెత్తగా పిసికి, పెరుగు కలిపి ముద్ద చేసి చెయ్యి చాపాను. పాప నోరు తెరవలేదు. "తిను బంగారం" అన్నకొద్దీ వెనక్కి జరిగింది. చివరికి కంచం నా దగ్గర్నుంచి లాక్కుని, గోడవైపు తిరిగి, సగం కింద పోసుకుంటూ తన చేత్తోనే గబగబా తింది. అంతవరకూ తనంతట తను తినడం రాని పిల్ల. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

థెరపీ సెంటర్లో మేడమ్‌తో చెబితే "సొంతంగా తింటోందా? మంచి ఇంప్రూవ్‌మెంట్ అండీ, ఏం చేశారు?" అంటూ కాగితం మీద టిక్కు పెట్టింది. ఏమీ చెయ్యలేదండి అన్నాను.

ఇప్పుడు పాపకి పన్నెండేళ్లు. మాటలు నెమ్మదిగా, వాటంతట అవే కొన్ని వచ్చాయి. నన్ను 'అమ్మా' అంటుంది. నా చేతి ముద్ద మాత్రం ఈ రోజుకీ తినదు.